చెవిన పడితేనే అంటు

పుత్తూరు దాటినాక, కాగితాల కంపెనీ నీలగిరి తోపు మొదట్లో కాపలా కొట్టం. పొద్దున పది గంటలు. పులికాట్ ఒడ్డు నుంచి తిరుమల కొండకు కాలినడకన పోతున్న భార్యాభర్తలు లోకేశ్వరి, మునికుమార్. తోపు కాపలాదారు ఏబెల్.

"రోడ్డెంటనే పోదాం మే. చెప్తా ఉండా కదా."

"నాలుగు దినాలుగా నేను రోడ్డు రోడ్డు అంటా ఉంటే, పుత్తూరు దాటినాక తోపులో పడి పోదాం, దగ్గిర దావ అని నువ్వే అంటివి. ఈ పొద్దేమి, రోడ్డు మింద అంత ప్రేమ పుట్టుకొచ్చె నీకు?"

"నీ కాళ్ళు సూసుకో ఒగసారి."

"సూసుకున్నా. తారు కాలి బొబ్బలెక్కినాయి. తోపులో తారుంటాదా బావా?"

"మోళ్ళుంటాయి."

"అన్నా, నువ్వు చెప్పు. ఈ తోపులో పడి పోతే యాడ తేల్తాం?"

"నన్నా అమ్మా? అడ్డంగా కోసుకోని పోతే పదకొండు కిలోమీటర్లు. వడమాలపేటకు అవతల తేల్తారు. రోడ్డెంట పోతే దానికి అయిదారు ఎక్కువే."

"విన్నావా బావా?"

"విన్నాలే. అవతల తేల్తే ఏమొచ్చె? మీ పుట్టింటోళ్ళ ఊరు తప్పిపోతాది."

"తప్పిపోతే పోనీ. మా ఊర్లో నాకేం పని ఇప్పుడు?"

"ఒగ గంట మీ ఇంటికాడ కూర్చోని, కాళ్ళకు రవ్వంత ఆముదం రాసుకోని..."

"మన గడప దాటినాక కొండమింద సామికి మొక్కేదాకా ఇంగో ఇంటి గడప తొక్కనని మొక్కింది నేను. పక్కన నిలబడి సరే అనింది నువ్వు. మర్సిపోతివా?"

"మర్సిపోలే."

"మరి?"

"ఊరికే అంటి."

"ఏం మొక్కు తల్లీ అది? అడగొచ్చో అడక్కూడదో."

"అడుగన్నా, దాంట్లో ఏముండాది. మా పాపకు. లోహిత దాని పేరు, ఆరేండ్లు. జ్వరం మెదడుకెక్కిందని తిరుపతి ఆస్పత్రిలో ఏసినాం. ఈ పొద్దుకు తొమ్మిది దినాలు. అద్దాల గదిలో పెట్టినారు. కన్నదాన్ని నన్ను గూడా లోపలికి పోనీరు. బయట కూర్చోని అద్దం సూసి ఏడ్సేదానికన్నా నడిసేది నయమనిపించె. బస్సెక్కి పులికాట్ ఒడ్డున మా ఇంటికి పొయ్యి, గడప కాడ పసుపు గుడ్డలో ముడుపు గట్టుకోని, చెప్పులు ఇడ్సిపెట్టి, ఆడ్నించి నడస్తా ఉండా."

"ఒట్టి కాళ్ళతోనే?"

"ఒట్టి కాళ్ళతోనే."

"పాప కాడ ఎవురుండారు మరి?"

"మా నాయన. మునివెంకటప్ప అని. మా అన్న అమర్‌నాథ్ గూడా ఉండాడు గానీ, మా నాయనైతే ఆ గది వాకిలి ఇడిసి కదల్లేదు. నువ్వు పోమ్మా, దీన్ని నేను సూసుకుంటా అన్న్యాడు. ఆ మాట మిందనే నేను ఇట్ల రాగలిగినా."

"దేవుడు సల్లగా సూస్తాడులే అమ్మా. మాది ప్రార్థన ఇల్లు. మీ సామైనా మా ఏసయ్యైనా, పసిబిడ్డల ఇసయంలో ఒగటే."

"ఆ మాట చాలన్నా. ఇప్పుడు దావ చెప్పు. ఎట్ల పోవాల?"

"మే, పోదాం రా. ఎండ ముదరతా ఉండాది."

"ఉండు బావా. చెప్పనీ ఆయన్ను."

"చూడమ్మా. ఈ లారీ దావ పట్టుకోని నేరుగా పో. మొదట మూడు బ్లాకులు నిలువు చెట్లే, తిప్పలేం లేదు. నాలుగో దాంట్లో కూపు పడతా ఉండాది."

"కూపంటే?"

"చెట్లు కొడతా ఉండారు. రంపం మిషన్ల మోతలో కేకేసినా ఇనబడదు. చెట్టు యా పక్కకు పడతాదో కొట్టేవోడికి తెలుస్తాది గానీ మనకు తెలీదు. అందుకని ఆడ ఎడమ పక్క గట్టెక్కి, గట్టు మిందనే పోవాల. అయిదో బ్లాకు మళ్ళా బాగుంటాది. ఆరోది పోయినేడు కోసేసినారు. అంతా మోళ్ళు. ఒట్టి కాళ్ళతో అయితే..."

"మెల్లిగా పోతా."

"మెల్లిగా అంటే ఆడ రెండు గంటలు పడతాది. ఇంగొగటి, మోళ్ళ నడుమ పందులకని చేన్లోళ్ళు తీగ లాగింటారు. పగలు కరెంటుండదు. అయినా తొక్కొద్దు, దాటుకోని పో."

"విన్నావా మే? తీగలంట."

"పగలు కరెంటుండదంట. అది గూడా విను."

"నీళ్ళు ఈడనే పట్టుకోండి. నీలగిరి కింద సుక్క నీళ్ళుండవు, గడ్డి గూడా మొలవదు. ఇప్పుడు బయలుదేర్తే నాలుగు, నాలుగున్నరకు అవతల పడతారు."

"అన్నా, లోపల ఫోను పలకతాదా?"

"రెండో బ్లాకు దాటితే టవరు లేదప్పా."

"ఇదో, విను. ఆస్పత్రి నుంచి ఫోనొస్తే ఏం చేస్తావు?"

"వచ్చిన ఫోను నువ్వు నా చేతికిచ్చినావా బావా? సరేలే. సీసాలియ్యి ఇట్ల. తొట్టి యాడుండాదన్నా?"

"కొట్టం యెనకాల తల్లీ. కొళాయి మెల్లిగా తిప్పు, ఊడొస్తాది."

"నేనొచ్చేలోగా ఆ సంచి సర్దు బావా."

"పొయ్యింది. అన్నా, నీ పేరేమి?"

"ఏబెల్."

"ఏబెలన్నా, నీకు దండం పెడతా. దావ లేదని చెప్పు ఆమెకు."

"దావుండాదని ఇప్పుడే కదప్పా బ్లాకు బ్లాకు చెప్తి."

"పెద్ద సారు వస్తాడంట, బయటోళ్ళను పోనీరంట అని చెప్పు. ఏదో ఒగటి చెప్పు. ఆమె రోడ్డెంట పోవాల. సాయంత్రానికల్లా పుట్టింటి కాడ ఉండాల."

"యెందుకు?"

"అడగొద్దన్నా."

"అబద్ధం చెప్పమంటావు, యెందుకో అడగొద్దంటావు. ఎట్లప్పా?"

"కొళాయి ఆపేసింది. వస్తా ఉండాది. గమ్మునుండు."

"పట్టుకున్న్యా. పోదామా?"

"అమ్మా, అదేందంటే... మర్సిపోతి. ఈ పొద్దు మా పెద్ద సారు వస్తాడంట కూపులోకి. బయటోళ్ళను పోనీయొద్దని..."

"అన్నా, ఇంతసేపూ గట్టెక్కు, తీగ దాటు అని దావ చెప్తివి. నేను పొయ్యి రెండు సీసాలు పట్టుకోనొచ్చేలోగా పెద్ద సారు పుట్టుకొచ్చినాడా? నిన్నేమీ అనేది లేదులే. చెప్పించినోడు పక్కనే నిలబడుండాడు."

"నేనేం చెప్పించినా?"

"బావా, ఇట్ల సూడు."

"సూస్తానే ఉండా."

"నేలను సూస్తా ఉండావు. నా మొగం సూడు."

"చెప్పు."

"పొద్దున ఆరింటికి ఫోనొచ్చె. దినామూ మా నాయన చేస్తాడు. ఫోను నాకిమ్మని అడిగి, పాప ఊపిరి బాగుండాదమ్మా, నువ్వు నడువు అని ఒక్క మాట చెప్పందే పెట్టడు. ఈ పొద్దు నువ్వు ఫోను తీసుకోని బడి గోడ యెనక్కి పోతివి."

"సిగ్నలు లేక పోతి."

"ఎవురు చేసింది?"

"మీ అన్న."

"మా నాయన యెందుకు చెయ్యలే?"

"టీ తాగను పొయ్యినాడంట."

"మా నాయన టీ తాగడు బావా. పుట్టి బుద్దెరిగినప్పట్నించి తాగడు. నీకు మేనమామ, నీకు తెలీదా?"

"కాఫీయో ఏమో. మీ అన్న ఏమన్న్యాడో నాకు సరిగ్గా ఇనబళ్ళే."

"పుత్తూర్లో టిఫినంగడి కాడ సుబ్రమణ్యం ఎదురొచ్చె బండి మింద. మా పెద్దమ్మ కొడుకు. యాడ సూసినా అక్కా అక్కా అని యెంటబడేవోడు, నన్ను సూసి బండి తిప్పుకోని పాయ."

"సూసుండడు."

"సూసినాడు. కండ్లు తుడుసుకున్న్యాడు గూడా. నువ్వు ఇడ్లీ తెస్తివి. నేను తింటి. నీది నువ్వు కుక్కకేస్తివి. పొద్దున్నించి నీళ్ళు గూడా తాగలే నువ్వు."

"ఆకలి లేదు మే. దానికేమి ఇప్పుడు?"

"పాప ఎట్లుండాది అని నేనడిగితే ఏమంటివి?"

"..."

"ఏమంటివి బావా?"

"జ్వరం లేదింక అంటి."

"తొమ్మిది దినాలు తగ్గని జ్వరం తగ్గితే మొగం అట్లుంటాదా ఎవురిదైనా? పండగ చేసుకోవాల కదా మనం. నేను ఆ మాటిని రోడ్డు మిందనే సాగిలపడి మొక్కితి. నువ్వు ఆ పక్కకు తిరుక్కోని నిలబడితివి. అప్పుడే అనుకుంటి."

"ఏమనుకుంటివి?"

"పాప బాగుండాది. మా నాయన మాత్రం మాట్లాడడు. మా వాళ్ళు నన్ను సూసి పారిపోతా ఉండారు. నువ్వేమో మా ఊరి మిందనే పోదామంటావు, సాయంత్రానికి ఇంటికాడ ఉండాల అంటావు."

"వింటివా?"

"తొట్టి యెంత దూరముందని. కొళాయి మోత కన్నా నీ గొంతే గట్టిగా ఉండె."

"లోకా..."

"పోయినేడు మా నాయన గుండెకు స్టెంటేసినప్పుడు డాక్టరు ఏమన్న్యాడు? నిద్ర చెడకూడదు, మనసు కష్టపెట్టుకోకూడదు అన్న్యాడు. తొమ్మిది దినాలు ఆ వరండాలో నాపరాయి మింద పండినాడు అరవై ఆరేండ్లాయన. పండబెట్టింది నేనే."

"అది కాదు మే. నేను చెప్పేది రవ్వంత—"

"చెప్పొద్దు."

"ఇనవే."

"విననంటి కదా. నోరు తెరవొద్దు. చెవిన పడితేనే అంటు. పడకుంటే లేదు."

"ఎవురు చెప్పినారు నీకు?"

"మా అవ్వ. మా చిన్నతాత తిరుత్తణికి కావడెత్తుకోని నడిసేటప్పుడు, ఈడ ఇంట్లో ఆయన పెండ్లామే పొయ్యింది. కావడి దించేదాకా ఒక్కరన్నా నోరిప్పినారా? ఎదురొచ్చినోళ్ళంతా మొగం తిప్పుకోని పొయ్యినారు, ఈ సుబ్రమణ్యం మాదిరే. కావడి దించినాక చెప్పినారు. అప్పుడు ఆ గుళ్ళోనే తల గోడకు కొట్టుకోని ఏడ్సినాడంట. అంటు అప్పుడు పట్టింది ఆయన్ను, అంతకు ముందు పట్టలే."

"అది ఏరే మే. ఇది ఏరే."

"ఏమీ ఏరే కాదు. నువ్వు ఆ మాట నా చెవినేస్తే పెండ్లయిన కూతురికి మూడు దినాల అంటు, మైల. నాకు కొండ లేదు. రేపు పొద్దున మెట్లెక్కాల్సినదాన్ని ఈడనే నిలబడిపోతా. పాపకు జ్వరం ఇప్పుడే, ఈ పొద్దే తగ్గిందంటివి కదా. సామి సూస్తా ఉండాడనే కదా తగ్గింది? ఇప్పుడు మొక్కు ఇరిగిపోతే అది మళ్ళా తిరగబెడితే? చెప్పు. తిరగబెడితే ఎవురు దిక్కు?"

"మీ నాయన... సరే. మీ నాయననే అనుకో. కడసారి మొగం సూసుకోవద్దా?"

"అనొద్దంటి కదా ఆ మాట."

"నేనేమీ చెప్పలే. అనుకో అంటి. నువ్వే అనుకుంటివి కదా. కడసారి మొగం సూసుకోకుంటే చచ్చేదాకా కుములుతావు లోకా. ఎవురిదైనా సరే. మన్ను కప్పినాక మళ్ళా రమ్మంటే రాదు. నా మాటిను. రోడ్డెంట పోదాం. ఆటో పిలుస్తా, గంటలో పోతాం."

"ఆటోనా? నడక మొక్కుకోని ఆటో ఎక్కమంటావా?"

"నూరు కిలోమీటర్లు నడిస్తివి. దేవుడికి తెలీదా? చాలదా అది?"

"ముప్పావు వంతు నడిస్తే ముప్పావు బిడ్డనిస్తాడా బావా? కుములుతా. నాకు తెలుసు. మా నాయన్ను నేను సూడకుండా పంపించినానని చచ్చేదాకా నా కడుపు రగులుతానే ఉంటాది. ఆయన ఇప్పుడు ఈడుంటే ఏమంటాడో అది గూడా తెలుసు. ముసిలోణ్ణి, నేను బతికింది చాలు, నువ్వు పాప కోసం నడువు అంటాడు. మా నాయన నాకెప్పుడూ అడ్డం పడలే. ఈ పొద్దు గూడా పడడు."

"రేపు నన్నే తిడతావు. యెందుకు చెప్పలేదని జన్మంతా తిడతావు."

"తిట్టను."

"తిడతావు లోకా. నా మొగం గూడా సూడవు."

"ఈ అన్న సాక్షి. ఏబెలన్నా, నువ్వు సాక్షి. ఈయప్ప చెప్పబోతే వద్దనింది నేనే. రేపు కొండ దిగినాక ఈయప్పను ఒక్క మాటంటే నువ్వొచ్చి నా నోటి మింద కొట్టు."

"అట్లనొద్దు తల్లీ. ఆయన చెప్పేదేందో ఒగసారి వింటే పోలా? మొగుడే కదా చెప్పేది."

"నువ్వూ గమ్మునుండన్నా. మీ ప్రార్థనింట్లో అంటుసొంటు లేకపోవచ్చు. మాకుండాది."

"మే, ఒక్క మాట. ఒక్కటే."

"బావా, బాగా విను. ఈ మాట మళ్ళా చెప్పను. నువ్వు నోరిప్పి నా మొక్కు చెడగొడితివో, ఆ పాపకేమన్నా అయితే నీ చేతులతో నువ్వు చేసినట్టు. దాని గొంతు నువ్వు పిసికినట్టు. అంతే."

"అంత మాటనొద్దే..."

"అంతే. చెప్తావా ఇప్పుడు? చెప్తావా?"

"చెప్పను."

"ముడుపు మింద చెయ్యి పెట్టి చెప్పు."

"వద్దు. అది నేను ముట్టకూడదు."

"...ఆ. అవును కదా. నీ చెవిన పడింది కదా. మేనమామ అంటు నీకూ ఉంటాది. యెనక్కి జరుగు, తగలొద్దు నాకు. పొద్దున్నించి అందుకేనా నువ్వు దూరం దూరంగా నడస్తా ఉండేది?"

"అందుకే."

"మంచి పని చేసినావు. అయితే నువ్వు కొండెక్కొద్దు. అలిపిరి కాడ నిలబడు. మెట్లు నేనొక్కదాన్నే ఎక్కుతా. మొక్కేసి దిగొస్తా. దిగొచ్చినాక అప్పుడు చెప్పు, ఎవురెవురు ఎట్లెట్ల అని. నువ్వు చెప్పేదంతా వింటా."

"లోకా, రేపటికి..."

"రేపటికే. అన్నా, దావ నేను చెప్తా, తప్పుంటే చెప్పు. మూడు బ్లాకులు నేరుగా. నాలుగో దాంట్లో ఎడమ గట్టు. అయిదోది బాగుంటాది. ఆరో దాంట్లో మోళ్ళు, తీగ తొక్కకుండా దాటాల. అవతల తేలినాక?"

"చెరువు కట్ట వస్తాది. కట్ట దిగితే తారు రోడ్డు. ఆడ్నించి తిరుపతి దావ ఎవురినడిగినా చెప్తారు."

"మా ఊర్లో పలక డప్పు కొట్టే మోత ఆడికి ఇనపడదు కదా?"

"అంత దూరం యాడ ఇనపడతాది తల్లీ."

"చాలు. బావా, ఫోను ఆపేయ్."

"మీ అన్న చేస్తానన్న్యాడు. కనుక్కోని చెప్పాల వాళ్ళకు, మనం వచ్చేది రానిది..."

"మనం రాము. ఆపేయ్. ఆపినావా?"

"ఆపినా."

"మా ఊరు యా పక్కుంటాదన్నా ఈడికి?"

"అదో, ఆ కరెంటు స్తంభాలు పొయ్యే పక్క."

"నాయనా. నన్ను మన్నించు. పాప కోసం నాయనా. నువ్వెత్తుకోని పెంచిన పాప. ...లేదు, ఏడవను. ఏడిస్తే తెలిసినట్టే అవతాది. నేను ఏడ్సలే కదా బావా? నువ్వు సూసినావు కదా?"

"సూసినా. ఏడ్సలే."

"నేను ముందర పోతా ఉంటా. నువ్వు పది బార్ల యెనకాల రా. తోపు దాటేదాకా నాతో మాట్లాడొద్దు. వస్తానన్నా. నీ దావ మంచిదన్నా."

"మెల్లిగా పో తల్లీ. గట్టు మర్సిపోవద్దు."

"..."

"అప్పా. పోతా ఉండాదప్పా. పిలువు."

"ఎట్ల పిలిసేదన్నా? ఏమని పిలిసేది?"

"నిజమే. ఎన్ని గంటలకు ఎత్తుతారంట?"

"పొద్దు మునిగేలోగా కానియ్యాల అంటా ఉండారు. వాళ్ళ చేని గట్టున గుంత తీసేదానికి మనుషులు పొయ్యినారంట."

"అంటే ఆమె మోళ్ళు దాటి తిరుపతి చేరేతలికి ఈడ అంతా అయిపోతాది."

"అయిపోతాది."

"నువ్వేం చేస్తావు మరి?"

"ఆమె యెనకాల పోతా. ఇంగేం చేసేది. ఒక్కదాన్ని ఎట్లిడ్సేది?"

"పాపమప్పా. తండ్రంటే అంత పానం పెట్టుకున్న బిడ్డ. సరేలే, పెద్దాయన, గుండె నెప్పి మనిషి. మనమణ్ణి, మనమరాలిని సూసుకున్న్యాడు. కాలమొచ్చింది, పొయ్యినాడు. అట్లనుకోని దిటవు చేసుకోవాల ఆమె."

"మా మామకేం కాలేదన్నా. పాపను దుప్పట్లో సుట్టి ఒళ్ళో పెట్టుకోని ఆస్పత్రి గేటు కాడ కూర్చోనుండాడు. వాళ్ళమ్మ వచ్చేదాకా ఎవురికీ ఇయ్యనంటా ఉండాడు."